కొనేవారి అనుమానమే మీ మొదటి ఫోటో
(జాతీయ చేనేత దినోత్సవ సభలో నేత కుటుంబాలను, చిన్న వ్యాపారులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, సంఘం అధ్యక్షులవారికి, మగ్గాలు ఆపి వచ్చిన అన్నలకు, అక్కలకు, పొదుపు సంఘాల అమ్మలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే గానీ, మధ్యాహ్నం తర్వాత ఈ వరండాలో వెలుతురు పోతుంది. ఆ వెలుతురుతో మనకు పనుంది. పెద్దలు మన్నించాలి.

1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలు సభతో స్వదేశీ ఉద్యమం మొదలైంది. ఆ గుర్తుగానే 2015 నుంచి ఈ రోజును చేనేత దినంగా జరుపుకుంటున్నాం. మన బట్ట మనమే కొనాలని ఆనాడు పిలుపు ఇచ్చారు. ఈనాడు కొనడానికి జనం సిద్ధంగానే ఉన్నారు. హైదరాబాదులో, బెంగళూరులో, డల్లాస్‌లో కూర్చుని ఇన్‌స్టాగ్రామ్‌లో పోచంపల్లి ఇక్కత్ చీరల కోసం, అంటే ముందే రంగు వేసిన నూలుతో నేసిన చీరల కోసం వెతుకుతున్నారు. వాళ్లకు ముందు కనబడేది ఏది? మిల్లులో అచ్చువేసిన ఇక్కత్ డిజైను గుడ్డ! ఈ సంగతి చివర్లో చెబుదామనుకున్నాను గానీ, కడుపు మండేది ఇక్కడే కాబట్టి ముందే చెప్పేశాను.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘ఫోటోలు, వీడియోలతో రకరకాల వ్యాపారాల ప్రచారం’. దీనికి నా దగ్గరున్న సూత్రం ఒక్కటే. మీ సరుకు మీద కొనేవారికి ఏ అనుమానం ఉందో కనుక్కోండి. ఆ అనుమానాన్ని తీర్చేదే మీ మొదటి ఫోటో, మీ వీడియోలో మొదటి మూడు సెకన్లు. ఈ అనుమానం ఒక్కో వ్యాపారానికి ఒక్కో రకంగా ఉంటుంది. అందుకే పక్క షాపువాళ్ల రీలు చూసి మనమూ అలాగే చేస్తే పని జరగదు.

చీర దగ్గరే మొదలుపెడదాం. ఫోన్లో చీర చూసే ఆడపడుచుకు రెండు అనుమానాలుంటాయి. రంగు ఇదేనా? ఇది నిజంగా చేనేతేనా?

రంగు సంగతి చూద్దాం. తిరిగొచ్చే పార్సిళ్లలో పెద్ద తగువు దీనిమీదే. ఇంట్లో ట్యూబులైటు, పసుపు బల్బు, కిటికీ వెలుగు మూడూ కలిసి పడితే ఫోన్ తికమకపడుతుంది. ముదురు నీలం నలుపుగా, మెరూన్ ఎరుపుగా వస్తాయి. కాబట్టి లైట్లన్నీ ఆపేయండి. పొద్దున ఎనిమిదికీ పదికీ మధ్య, నేరుగా ఎండ పడని గుమ్మం దగ్గర చీర పరవండి. పక్కన ఒక తెల్లకాగితం పెట్టి తెర మీద చూడండి. కాగితం పసుపుగా కనిపిస్తే చీర రంగూ అంతే తప్పుగా వస్తోందన్నమాట. ఫోటోను సవరించేటప్పుడు కాగితం తెల్లబడేదాకా వార్మ్‌త్ (పసుపుదనం) మీట జరపండి, ఆ తర్వాత కాగితాన్ని కత్తిరించేయండి. ఫిల్టర్ల జోలికి మాత్రం పోవద్దు.

రాణీ రంగు, మిరప ఎరుపు వంటి గాఢమైన రంగుల్లో ఇంకో చిక్కుంది. వెలుగు ఎక్కువైతే నేత జాడే కనబడకుండా రంగంతా ముద్దయిపోతుంది. బట్ట మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ తాళం వేయండి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగండి. దారం దారం కనబడుతుంది. నిలువు నూలు అయిన పడుగు ఒక రంగు, అడ్డం నూలు అయిన పేక ఒక రంగు ఉండే నెమలికంఠం చీరకైతే ఫోటో చాలదు, వీడియో తీయాల్సిందే. కొంగు మెల్లగా ఊపితే రెండు రంగులూ మారుతూ కనిపిస్తాయి. సన్నగళ్ల బట్టలో లేని అలలు తెర మీద కనబడుతుంటాయి. చూసేవాళ్లు నేతలో లోపమనుకుంటారు. ఫోన్‌ను ఒక అడుగు ముందుకో వెనక్కో జరిపితే, లేదా కోణం కాస్త మారిస్తే పోతాయి. వీడియోలో నల్లచారలు కదులుతుంటే అది ట్యూబులైటు పని.

ఇక రెండో అనుమానం, చేనేతేనా అన్నది. దీనికి ఏడు సెకన్లు చాలు. ఆ ఏడు సెకన్లు మిల్లు గుడ్డ అమ్మేవాడు తీయలేడు. చీర అంచు పట్టుకుని తిరగేయండి. అంతే. మన ఇక్కత్‌లో నూలుకే రంగు పడుతుంది, బట్టకు కాదు. చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే నేస్తాం. అందుకే డిజైను ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. అచ్చువేసిన గుడ్డ తిరగేస్తే వెనక వెలిసిపోయినట్టుంటుంది. ఆ తర్వాత కెమెరాను డిజైను అంచు దగ్గరికి తీసుకెళ్లండి. రంగు నూలులోకి పాకి, అంచు ఈకలా చీలి కనిపిస్తుంది. కొంతమంది అక్కలు అది మరకలా ఉందని ఫోటోలో కనబడకుండా మడిచేస్తారు. అమ్మా, దయచేసి ఆ పని చేయకండి! అది మీ సంతకం. గీత గీసినట్టు పదునుగా ఉన్న అంచు చాలాసార్లు అచ్చుగుడ్డదే.

పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుంది. పట్టుకు సిల్క్ మార్కు, చేనేతకు హ్యాండ్లూమ్ మార్కు ఉన్నాయి. మీ చీరకు ఆ లేబులుంటే దాన్ని దగ్గరగా తీసి రెండో ఫోటోగా పెట్టండి. పెట్టెలో దాచుకుంటే ఎవరికి తెలుస్తుంది?

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆసు పోయడం, అంటే చిటికి కట్టేముందు నూలును మేకుల చుట్టూ తిప్పడం, ఎంత కష్టమో ఈ సభలో అందరికీ తెలుసు. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తల్లి భుజాలు పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మనకు ఇంత చరిత్ర ఉంది. కానీ మన పేజీల్లో ఏం కనిపిస్తోంది? మడతపెట్టిన చీర, కింద ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అన్న మాట. ఆసు దగ్గర ఒక వీడియో, సైకిల్ ట్యూబు రబ్బరుతో చిటికి కట్టే వేళ్ల మీద ఒకటి, రంగు తొట్టిలోంచి నూలు పైకి తీసేటప్పుడు ఒకటి, మగ్గం మీద పేకను అటూ ఇటూ మోసే నాడె ఆడేటప్పుడు ఒకటి తీయండి. ఒక్కోటి పదిహేను, ఇరవై సెకన్లు. మగ్గం చప్పుడు అలాగే ఉంచండి, సినిమా పాట వేయకండి. బిజినెస్ ఖాతాలకు చాలా పాటల హక్కులుండవు, ఒకరోజు పొద్దున లేచేసరికి మీ రీలు మూగబోతుంది. మగ్గం చప్పుడు మీద ఎవరికీ హక్కు లేదు, అది మీదే.

ధర గురించి కూడా తేల్చేద్దాం. ధర దాచితే పక్కవాళ్లకు తెలియదని మీ ఆలోచన. పక్కవాళ్లు ఎలాగూ కనుక్కుంటారు. అడగడానికి మొహమాటపడే అసలు కొనుగోలుదారు మాత్రం వెళ్లిపోతుంది. ధర, పోస్టు ఖర్చు, ఎన్ని రోజుల్లో పంపుతారు, చీర ఎన్ని మీటర్లు, జాకెట్టు ముక్క ఉందా లేదా, నూలా, పట్టా, రెండూ కలిసిన సికోనా, అన్నీ ఫోటో కిందే రాయండి. రోజుకు యాభై మందికి ఒకే జవాబు టైపు చేసే బాధ తప్పుతుంది.

చీరల గురించే మాట్లాడుతున్నానని పచ్చళ్ల అక్కలు చూస్తున్నారు. వస్తున్నాను.

ఆవకాయ కొనేవారి అనుమానాలు వేరు. ముక్క గట్టిగా ఉంటుందా? చేతులు శుభ్రమేనా? దారిలో కారిపోతుందా? మీరేమో జాడీ, అరిటాకు, పువ్వులు పెట్టి ఫోటో తీస్తారు. అవి తర్వాత. ముందు టెంకతో సహా కోసిన ముక్కను దగ్గరగా చూపించండి. ముక్క గట్టిగా ఉంటుందని చెప్పే సాక్ష్యం అదే. ఫోన్ కెమెరా ఎరుపును పెంచేస్తుంది. కారం మరీ ఎర్రగా కనిపిస్తే రంగు పొడి కలిపారనుకుంటారు, కాబట్టి ఎరుపు తగ్గించండి, పెంచకండి. తర్వాత సీలు చేసిన ప్యాకెట్‌ను పాత పేపరు మీద తలకిందులుగా పెట్టి, పొద్దున్నే ఎత్తి మరక లేదని చూపించండి. దేశం దాటి తెప్పించుకునేవాళ్లు ఈ ఒక్క వీడియో కోసం చూస్తుంటారు. లేబులు వెనకవైపు కూడా కనబడాలి: దినుసులు, బరువు, తయారీ తేదీ, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. ఆ నంబరు తీసుకోకుండా అమ్మేవాళ్లుంటే ప్రచారం సంగతి పక్కనపెట్టి ముందు అది తీసుకోండి.

కడియం వైపు నర్సరీలవాళ్లు మంచి పని చేస్తున్నారు గానీ, ఒకచోట తప్పుతున్నారు. పువ్వును దగ్గరగా తీస్తారు, మొక్క ఎంత ఉందో తెలియదు. పార్సిలు విప్పితే జానెడు మొక్క ఉంటుంది. మొక్క పక్కన టేపు పెట్టండి, లేదా మనిషిని నిలబెట్టండి. కవరు సైజు చెప్పండి. మామిడి అంటయితే అంటు కట్టిన ముడిని దగ్గరగా చూపించండి. అది అంటు మొక్కా, టెంక మొక్కా అన్నదే కొనేవారి అసలు ప్రశ్న.

వడ్రంగులు, వంటింటి అల్మరాలు చేసేవాళ్లు పని అయ్యాక మెరిసే ఫోటో పెడతారు. పైన లామినేట్ అతికాక లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? అతికించకముందే ప్లైవుడ్ మీద నీటికి తట్టుకునే రకమని చెప్పే ఐఎస్ 710 ముద్ర ఫోటో తీయండి. పాత వంటిల్లు, కొత్త వంటిల్లు ఒకేచోట, ఒకే ఎత్తులో నిలబడి తీయండి. నేల మీద టేపు అతికించి గుర్తు పెట్టుకుంటే ఆరు వారాల తర్వాత కూడా అదే కోణం దొరుకుతుంది. మీకూ, మగ్గం వర్కు జాకెట్లు చేసే అక్కలకూ పింట్రెస్ట్ బాగా పనికొస్తుంది. పెళ్లి పనులున్నవాళ్లు, ఇల్లు కట్టుకునేవాళ్లు అక్కడ నెలల ముందు నుంచీ బొమ్మలు దాచుకుంటారు. ఈనాడు పెట్టిన పిన్, అంటే అక్కడి ఫోటో పోస్టు, వచ్చే ఏడు కూడా వెతుకులాటలో దొరుకుతుంది. నిలువు ఫోటో పెట్టండి, 1000 బై 1500 పిక్సెళ్ల కొలత. టిఫిన్ సెంటరువాళ్లకు అది దండగ. ఎక్కడుంది, ఎన్నింటికి తెరుస్తారు, ఇప్పుడు ఇడ్లీ ఉందా అన్నవే అక్కడ తినేవాళ్ల ప్రశ్నలు. పొద్దున ఆరింటికి ఒక స్టోరీ, గూగుల్ మ్యాప్స్‌లో సరైన గుర్తు, గోడమీది మెనూ ఫోటో ఉంటే చాలు.

పెళ్లికూతురు జాకెట్టు ఫోటో అయినా, పార్లర్‌లో ముస్తాబు అయినా, పెట్టేముందు ఆ అమ్మాయిని అడగండి. పిల్లల ముఖాల ఫోటోలైతే అసలు వద్దు.

అందరికీ పనికొచ్చే చిన్న విషయాలు గబగబా చెబుతాను. ఇన్‌స్టాగ్రామ్ ఫోటో 1080 బై 1350, రీలు 1080 బై 1920. రీలు మీద రాసే అక్షరాలు మధ్యలో ఉండాలి, అడుగున, కుడిపక్కన బటన్లు కప్పేస్తాయి. చాలామంది చప్పుడు లేకుండా చూస్తారు, కాబట్టి ముఖ్యమైన మాట అక్షరాల్లో కనబడాలి. ఒకరి ఫోన్లోంచి ఇంకొకరికి వాట్సాప్‌లో పంపితే ఫోటో నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. పేజీ పేరులో దుకాణం పేరుతో పాటు ఏం అమ్ముతారో, ఏ ఊరో ఉండాలి. ‘పోచంపల్లి ఇక్కత్ చీరలు’ అని వెతికేవాళ్లకు ‘శ్రీ లక్ష్మీ కలెక్షన్స్’ ఎలా దొరుకుతుంది?

ఇక దొంగతనాలు. మీ ఫోటో తీసుకెళ్లి, వాళ్ల పేజీలో పెట్టి, సగం ధరకు అచ్చుగుడ్డ పంపేవాళ్లున్నారు. మోసపోయినవాళ్లు తిట్టేది పోచంపల్లిని! మీ పేరు ఫోటో మూలన వేస్తే కత్తిరిస్తారు. చీర మధ్యలో, కొంగు మీదుగా, పల్చగా వేయండి. సవరించని అసలు ఫోటో ఫోన్లో ఉంచుకోండి. దొంగిలించిన పోస్టు మీద ఇన్‌స్టాగ్రామ్‌కు కాపీరైట్ ఫిర్యాదు పెట్టేటప్పుడు అది మీదేనని చూపడానికి పనికొస్తుంది. సంఘంలో పదిమంది కలిసి తమ తమ ఫోటోల మీద ఫిర్యాదులు పెట్టండి, ఒంటరిగా విసిగిపోకండి. అన్నా, వెనక వరసలో ఉన్నవాళ్లు, ఈ మాట మీకే!

డబ్బు కట్టామని స్క్రీన్‌షాట్ పంపితే నమ్మి పార్సిలు కట్టకండి. మీ బ్యాంకు ఖాతాలో జమ చూశాకే కట్టండి. ‘మీ ఖాతా 24 గంటల్లో మూసేస్తాం, ఈ లింకు నొక్కండి’ అని మెసేజ్ వస్తే నొక్కకండి, అది ఖాతా కాజేసేవాళ్ల పని. పాస్‌వర్డుతో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రెండంచెల భద్రత ఈరోజే పెట్టుకోండి. ఇంకో మాట. చాలా పేజీలు మేనల్లుడి మెయిల్‌తోనో, పక్కింటి కుర్రాడి ఫోన్ నంబరుతోనో తెరిచి ఉన్నాయి. ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే పాస్‌వర్డూ వెళ్లిపోతుంది. పేజీ మీ నంబరు మీద, మీ మెయిల్ మీద ఉండాలి.

2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. వ్యాపారమంతా దాని మీదే పెట్టుకున్నవాళ్లకు కొనేవాళ్లు ఒక్కసారిగా కనబడకుండా పోయారు. ఏ యాప్ అయినా అద్దె ఇల్లే. కొన్న ప్రతి మనిషి నంబరూ, ఒప్పుకుంటేనే, వాట్సాప్ బిజినెస్‌లో దాచుకోండి. ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది పడతారు. అయితే మీ నంబరు వాళ్ల ఫోన్లో ఉంటేనే మెసేజ్ చేరుతుంది. కాబట్టి పార్సిల్లో వేసే చీటీ మీద ‘ఈ నంబరు సేవ్ చేసుకోండి’ అని పెద్దక్షరాలతో రాయండి.

లైకులు లెక్కపెట్టుకోవద్దు. ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు, ఎంతమంది అడిగారు, ఎంతమంది కొన్నారు, ఈ నాలుగూ వారానికోసారి నోటుబుక్కులో రాయండి. అడిగినవాళ్లు ఎక్కువై కొన్నవాళ్లు తక్కువైతే ధరో, రంగో, నమ్మకమో ఏదో ఒకటి ఫోటోలో తేలలేదని అర్థం. వాళ్లు అడిగిన ప్రశ్నలే మళ్లీ చదవండి. వచ్చే వారం తీయాల్సిన వీడియోలు అందులోనే ఉంటాయి.

భోజనాలకు ఇంకా ముప్పావుగంట ఉంది. మైకు ఇక్కడే వదిలేద్దాం. ఒక్కొక్కరు ఒక్క చీరో, ఒక్క ప్యాకెట్టో, ఒక్క జాకెట్టో పట్టుకుని వరండాలోకి రండి. తెల్లకాగితాలు అధ్యక్షులవారి బల్ల మీద ఉన్నాయి. నూలు పట్టిన చేతుల జిడ్డు, పచ్చడి నూనె కెమెరా అద్దం మీద ఉంటాయి, ఫోటో మసకబారేది అందుకే. ముందు అద్దం తుడిచి, తర్వాత తీయండి. తీసినవి అక్కడే పెద్ద తెర మీద వేసి, ఒక్కో దాంట్లో ఏ అనుమానం తీరిందో, ఏది మిగిలిందో కలిసి చూద్దాం.