నీటి పక్కన చెక్క డెక్‌కు ఏ పూత వేయాలి? వార్నిష్, పెయింట్, ఆయిల్, స్టెయిన్: పోలిక, రివ్యూ

నమస్కారం. చెరువు గట్టున గానీ, నది ఒడ్డున గానీ, సముద్రానికి దగ్గరలో గానీ, ఈతకొలను చుట్టూ గానీ చెక్క డెక్, అంటే పలకలు పరచి కట్టిన ఆరుబయటి నేల, వేయించుకున్నవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న, దానిపై ఏ పూత వేయాలన్నదే. దుకాణంలో వరుసగా పేర్చి ఉన్న డబ్బాలన్నీ నీటి నుంచి, ఎండ నుంచి రక్షణ ఇస్తామనే చెబుతాయి. ఈ వీడియోలో ఫలానా కంపెనీ డబ్బా కొనమని చెప్పబోవడం లేదు. ఒకే కంపెనీ వార్నిష్, పెయింట్, ఆయిల్, స్టెయిన్ (చెక్కకు రంగు పట్టించే పూత) అన్నీ అమ్ముతుంది కనుక, వాటిలో ఏ రకం తీసుకోవాలన్నదే అసలు నిర్ణయం. ఆ నిర్ణయానికి కావలసిన సంగతులనే మీ ముందు ఉంచుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నీటి పక్కన ఉండే డెక్‌కు పూతను ఎంచుకునేటప్పుడు, అది ఎన్నేళ్లు నిలుస్తుందన్న ప్రశ్న కంటే, పాడైనప్పుడు ఎలా పాడవుతుందన్న ప్రశ్న ముఖ్యం. కొన్ని పూతలు మెల్లగా వెలిసిపోయి, అరిగిపోతాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఒక చేయి వేస్తే సరిపోతుంది. మరికొన్ని పెచ్చులుగా లేస్తాయి. వాటిని పూర్తిగా గీకి, చెక్క బయటపడేవరకు సాండ్‌పేపర్ పట్టిన తర్వాతే కొత్త పూత వేయగలం. ఒక డెక్ మొత్తాన్ని అలా గీకిన వారెవరూ ఆ పనిని రెండోసారి కోరుకోరు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే, చెక్క నీటితో ఎలా ప్రవర్తిస్తుందో కొంత తెలుసుకోవాలి. చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. తేమ సుమారు 30 శాతానికి చేరేవరకు ఆ నీరు చెక్క కణాల గోడల్లోనే చేరుతుంది, ఆ మేరకు చెక్క ఉబ్బుతుంది. ఈ ఉబ్బు పలక పొడవునా దాదాపు కనిపించదు, వెడల్పులోనే కనిపిస్తుంది. అందులోనూ మాను వలయాల వెంట వచ్చే ఉబ్బు, వలయాలకు అడ్డంగా వచ్చే ఉబ్బుకు సుమారు రెండింతలు ఉంటుంది. నీటి మీద కట్టిన డెక్‌లో పలక అడుగుభాగానికి ఎప్పుడూ తేమ గాలి తగులుతుంటే, పైభాగం ఎండకు ఆరిపోతూ ఉంటుంది కనుక, పలక అంచులు పైకి లేచి మధ్యలో గుంట పడుతుంది. ఆ గుంటలో మళ్లీ నీరు నిలుస్తుంది. తేమ 20 శాతానికి లోపల ఉన్నంతకాలం చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలకు ఎదిగే అవకాశం ఉండదు. కాబట్టి నీరు లోపలికి పోకుండా ఆపడం ఎంత అవసరమో, పోయిన నీరు తిరిగి బయటికి రాగలగడం అంతకంటే అవసరం.

ఇప్పుడు కెమెరాను ఈ పలక దగ్గరికి తెస్తున్నాను. ఇది రంగులేని వార్నిష్ వేసిన పలక. మధ్యభాగం ఇప్పటికీ నిగనిగలాడుతోంది, దూరం నుంచి చూస్తే లోపమేమీ లేదనిపిస్తుంది. కానీ ఈ స్క్రూ తల చుట్టూ గమనించండి. వెంట్రుకవాసి పగులు ఒకటి ఉంది, దాని చుట్టూ పాలరంగు మచ్చ అలముకుంది. ఆ పగులులోంచి దిగిన నీరు వార్నిష్ పొర కిందకు పాకిందన్నమాట. అంచును గోటితో లేపితే పొర కాగితంలా ఊడి వస్తోంది. ఊడిన ముక్కను తిప్పి చూడండి: అడుగున సన్నని చెక్క పోగులు అంటుకుని ఉన్నాయి. వార్నిష్ తన పట్టును వదల్లేదు, దాని కింద ఉన్న చెక్క పైపొరే విడిపోయింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పారదర్శకమైన పొరగుండా లోపలికి చేరి, చెక్క పోగులను కలిపి ఉంచే లిగ్నిన్‌ను విడగొట్టడమే దీనికి కారణం. ఎంత ఖరీదైన వార్నిష్ అయినా, తాను పట్టుకున్న చెక్కే పొడిబారి విడిపోతే చేయగలిగింది లేదు.

వార్నిష్‌ను నేను చిన్నచూపు చూడడం లేదు. స్పార్ వార్నిష్ అనేది ఓడల తెరచాప కొయ్యల కోసమే పుట్టింది. కొయ్య వంగినప్పుడు తానూ కొంత సాగేలా, ఎండను కొంత తట్టుకునేలా దాన్ని తయారుచేస్తారు. అయితే పడవలను శ్రద్ధగా చూసుకునేవారు దాన్ని ఏటా తేలిగ్గా సాండ్‌పేపర్ పట్టి మళ్లీ పూస్తూ ఉంటారు. చేతిపట్టుకు, బెంచీకి అది చక్కగా ఉంటుంది. నడిచే నేలకు మాత్రం వద్దు. నేల మీద నీరు నిలుస్తుంది, పాదాలకు అంటిన ఇసుక పొరను గీస్తుంది, తడిసిన పొర జారుతుంది. నీటి పక్కన పిల్లలు పరుగెత్తే చోట జారుడు చిన్న విషయం కాదు. ఇంటి లోపలి నేలలకు వాడే పాలీయురెథేన్ ఇంకా గట్టిది, ఇంకా తక్కువ సాగుతుంది. ఎపాక్సీ అనే గట్టి రెసిన్ పూత నీటిని బాగా ఆపినా, పైన మరో రక్షణ పొర లేకుండా ఎండలో ఉంచితే పాడవుతుంది.

పెయింట్, పెయింట్‌లాగే చెక్కను పూర్తిగా కప్పే సాలిడ్ స్టెయిన్, ఈ రెండూ ఎండను బాగా ఆపుతాయి. వాటిలోని రంగుపొడి అతినీలలోహిత కిరణాలను చెక్క దాకా పోనివ్వదు. నిలువుగా ఉండే స్తంభాలకు, కటకటాలకు ఇవి మంచి ఎంపికే. నేల మీదకు వచ్చేసరికి మళ్లీ పొర సమస్యే ఎదురవుతుంది: నడిచే దారి అరిగి, పలకల సందుల దగ్గర పెచ్చులు లేస్తాయి. పైగా ఒకసారి వేస్తే, గీకి తీసేయకుండా ఆయిల్‌కు గానీ పలుచని స్టెయిన్‌కు గానీ మారలేం.

రంగులేని నీటి నిరోధకం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మైనం, రెసిన్ కలిసిన ఈ ద్రవం వేయగానే నీరు గుండ్రని చుక్కలుగా నిలుస్తుంది, చూడడానికి ముచ్చటగా ఉంటుంది. ఎండను మాత్రం దాదాపు ఆపదు. సాధారణంగా ఏడాదికొకసారి మళ్లీ వేయాలి, చెక్క ఎలాగూ బూడిదరంగుకు తిరుగుతుంది.

ఆయిల్ విషయంలో ఒక హెచ్చరిక. చాలామంది సహజమైనదన్న నమ్మకంతో అవిసె నూనె, అంటే లిన్‌సీడ్ ఆయిల్ పూస్తారు. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, చెక్కలోకి బాగా ఇంకుతుంది. అయితే అది బూజుకు ఆహారం కూడా. తేమ, నీడ రెండూ ఉండే నీటి ఒడ్డున అవిసె నూనె మాత్రమే పూసిన పలకలు నల్లబడిపోతాయి. టంగ్ చెట్టు గింజల నుంచి తీసే టంగ్ ఆయిల్ నీటిని దానికంటే మెరుగ్గా తట్టుకుంటుంది. బూజు నిరోధకం కలిపి డెక్‌ల కోసమే తయారుచేసిన ఆయిల్ అయితే ఇంకా నయం.

చివరికి నేను సిఫారసు చేసేది, చెక్కలోకి ఇంకే సెమీ ట్రాన్స్‌పరెంట్, అంటే సగం పారదర్శకమైన, స్టెయిన్. ఇందులో ఆయిల్‌తో పాటు సన్నని రంగుపొడి, సాధారణంగా ఐరన్ ఆక్సైడ్, ఉంటుంది. అది చెక్క గీతలను పూర్తిగా కప్పదు, అయినా ఎండలో హానిచేసే భాగాన్ని చాలావరకు ఆపుతుంది. పైన పొర కట్టదు కనుక పెచ్చులూడదు, లోపలి తేమకు దారి మూయదు. నడిచే నేల మీద రెండు మూడేళ్లు పనిచేస్తుందని అనుకోవచ్చు. నేరుగా ఎండ పడే చోట, రాకపోకలు ఎక్కువగా ఉన్న చోట అంతకంటే తక్కువే. ఒక షరతు ఉంది: చెక్క పీల్చుకున్నంతే వేయాలి. పీల్చుకోగా మిగిలినదాన్ని డబ్బా మీద చెప్పిన వ్యవధిలో, సాధారణంగా 15 నుంచి 20 నిమిషాల్లోపు, గుడ్డతో తుడిచేయాలి. అందంగా ఉందని ఒకదానిపై ఒకటి వేస్తూ పోతే, ఇదే స్టెయిన్ జిగటగా పొర కట్టి వార్నిష్‌లాగే పెచ్చులూడుతుంది.

టేకు, ఇపె (దక్షిణ అమెరికాకు చెందిన గట్టి కలప) వంటి చేవ గట్టిగా ఉన్న చెక్కకు మరో మార్గం కూడా ఉంది: ఏమీ పూయకుండా వదిలేయడం. అలా వదిలేస్తే వచ్చే బూడిదరంగు పైపైదే, కుళ్లుకు గుర్తు కాదు. మెత్తని చెక్కలోనే ఎండావానలకు అరిగేది 100 ఏళ్లకు సుమారు 6 మిల్లీమీటర్లని అంచనా. గట్టి చెక్కలో అంతకంటే తక్కువ. ఆ రంగు మీకు నచ్చితే, పూత కోసం శ్రమపడవలసిన అవసరమే లేదు.

ఏ పూత ఎంచుకున్నా చెక్కను సిద్ధం చేయడంలోనే సగం ఫలితం ఉంది. పాకుడును, పాత మురికిని సోడియం పర్‌కార్బొనేట్ ఉన్న క్లీనర్‌తో కడగండి. ఇనుప మరకలతో నల్లబడిన చోట ఆక్సాలిక్ యాసిడ్ ద్రావణం పనిచేస్తుంది, చేతులకు తొడుగులు మాత్రం తప్పనిసరి. ప్రెషర్ వాషర్‌ను దగ్గరగా పెడితే చెక్క పోగులు లేచిపోతాయి. తర్వాత 60 నుంచి 80 గ్రిట్ (గరుకుదనాన్ని తెలిపే అంకె, పెరిగేకొద్దీ నునుపు) సాండ్‌పేపర్ చాలు. అంతకంటే నున్నగా చేస్తే చెక్క స్టెయిన్‌ను సరిగ్గా పీల్చుకోదు. తేమ మీటరు 15 శాతం లోపు చూపించేవరకు ఆగండి. ఆపై కొన్ని నీటి చుక్కలు చల్లి చూడండి. అవి కొద్ది నిమిషాల్లో ఇంకిపోతే చెక్క సిద్ధంగా ఉన్నట్లే.

అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేవి పలకల కోసిన కొసలు. ఇదిగో ఈ కొస మీద ఒక చుక్క స్టెయిన్ పెడుతున్నాను. పక్కన పలక ముఖం మీద పెట్టిన చుక్క ఇంకా మెరుస్తూనే ఉంది, కొస మీది చుక్క అప్పుడే లోపలికి పోయింది. నీరు కూడా ఇదే దారిన పోతుంది, కుళ్లు ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. అందుకే పలకలు బిగించకముందే అడుగుభాగానికి, అంచులకు, కొసలకు పూత వేయించండి, కొసలకు తృప్తిగా పట్టేవరకు వేయండి. సముద్రం దగ్గరైతే స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వాడండి. మామూలు ఇనుము ఉప్పుగాలికి తుప్పుపట్టి, టానిన్ అనే సహజ పదార్థం ఎక్కువగా ఉన్న చెక్క మీద నల్లని చారలు దింపుతుంది, ఆ చారలను పారదర్శకమైన పూతలేవీ దాచలేవు.

పలకలను బిగించకముందే, నీటికి దూరంగా పూయమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. బూజును ఆపే రసాయనాలు, రాగి కలిసిన సంరక్షకాలు నీటిలోని జీవులకు హాని చేస్తాయి. క్రియోసోట్ (తారు నుంచి తీసే సంరక్షకం) పూసిన చెక్కనైతే జలాల దగ్గరికి తేకపోవడమే మంచిది. ఇప్పటికే బిగించిన డెక్‌కు పూత వేయవలసి వస్తే, సందుల కింద టార్పాలిన్ కట్టి, రోలర్ బదులు బ్రష్‌తో, కొద్ది కొద్దిగా వేయండి. కడిగిన నీరు కూడా నేరుగా చెరువులోకి పోకుండా చూడండి.

పని ముగిశాక, ఆయిల్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి ఒక మూల పడేయకండి. ఆరే నూనె ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డలకు వాటంతట అవే నిప్పంటుకోవచ్చు. వాటిని ఆరుబయట విడివిడిగా పరచి పూర్తిగా గట్టిపడేవరకు ఆరబెట్టండి, లేదా నీటిలో ముంచి మూత ఉన్న లోహపు డబ్బాలో పెట్టండి.