పర్ఫెక్ట్ బ్లూ రివ్యూ: మీమా ఎవరో చెప్పాల్సింది ఎవరు?

నమస్తే అండీ. ఈ రోజు పర్ఫెక్ట్ బ్లూ గురించి మాట్లాడుకుందాం. 1997 నాటి జపాన్ యానిమేషన్ సినిమా, నిడివి 81 నిమిషాలే. నేను దీన్ని నాలుగుసార్లు చూశాను. మొదటిసారి ఒంటరిగా. తర్వాత మా తమ్ముడితో, ఓ స్నేహితురాలితో, మా పెద్దమ్మ కూతురితో, ఒక్కొక్కరితో ఒక్కోసారి. అందుకే ఈ రివ్యూలో సినిమా ఎంత ఉంటుందో, చూసినవాళ్ళ మాటలూ అంతే ఉంటాయి. ముగ్గురూ మూడు వేరే సినిమాలు చూసినట్టు మాట్లాడారు మరి.

ముందే ఒక మాట. ఇది పిల్లలతో కూర్చుని చూసే సినిమా కాదు. బొమ్మల సినిమా కదా అని పెట్టేయకండి. హత్యలున్నాయి, రక్తం ఉంది, లైంగిక దాడి సన్నివేశాలున్నాయి. అలాంటివి చూస్తే మనసు చెదిరేవాళ్ళు ఈ సినిమా మానేసినా తప్పులేదు. వీడియో రెండో సగంలో క్లైమాక్స్ గురించి కూడా మాట్లాడతాను. అప్పుడు మళ్ళీ చెప్తాను, చూడనివాళ్ళు అక్కడ ఆపేయొచ్చు.

కథ ఇది. మీమా కిరిగోయె అనే అమ్మాయి చామ్ అనే ముగ్గురు అమ్మాయిల పాటల బృందంలో ఉంటుంది. జపాన్‌లో ఇలాంటివాళ్ళని ఐడల్ అంటారు. ఐడల్ అంటే గాయని మాత్రమే కాదు. బాగా పాడటం కంటే ముద్దుగా, అమాయకంగా, అభిమానులకి మన అమ్మాయే అనిపించేలా ఉండటమే అక్కడ అసలు పని. చామ్‌కి పేరు పెద్దగా రాలేదు, డబ్బూ రాలేదు. దాంతో మీమాని నటిని చేయాలని ఏజెన్సీ పెద్ద తదొకొరో అంటాడు. మేనేజర్ రూమీకి అది ఇష్టం లేదు. రూమీ కూడా ఒకప్పుడు ఐడలే. చివరికి మీమా ఒప్పుకుంటుంది. డబుల్ బైండ్ అనే టీవీ క్రైమ్ సీరియల్‌లో చిన్న వేషం దొరుకుతుంది. మొదట ఆమెకి ఇచ్చింది ఒక్కటే డైలాగు: "మీరు ఎవరు?" ఆ ఒక్క ముక్కనీ పదేపదే ప్రాక్టీస్ చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని పట్టించుకోనే లేదు. రెండోసారి ఆ మాట వినగానే ఒళ్ళు జలదరించింది.

ఇక్కణ్ణుంచే భయం మొదలవుతుంది. ఇంటికి ఫ్యాక్స్ వస్తుంది, కాగితం నిండా 'ద్రోహి' అని. ఏజెన్సీకి వచ్చిన ఉత్తరం తదొకొరో చేతిలో పేలుతుంది. 'మీమా గది' పేరుతో ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఉందని తెలుస్తుంది. రూమీ దగ్గర కంప్యూటర్ నేర్చుకుని మీమా ఆ పేజీ తెరుస్తుంది. ఎవరో ఆమె పేరుతో, ఆమె గొంతుతో రోజూ డైరీ రాస్తున్నారు. మొదట నవ్వుకుంటుంది, నా గురించి భలే తెలుసే వీళ్ళకి అని. తర్వాత రైలు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడుతుందో, కొట్లో ఏం కొన్నదో కూడా అందులో కనిపిస్తాయి. ఆ నవ్వు ముఖం మీద అలాగే గడ్డకట్టుకుపోతుంది. చాలామంది ఇళ్ళల్లో ఇంటర్నెట్ అంటే ఏంటో కూడా తెలియని రోజుల్లో తీసిన సీన్ ఇది. ఇప్పుడు అందరికీ సొంత పేజీలున్నాయి, అందరి పేరుతోనూ ఎవరో ఒకరు నకిలీ పేజీ తెరవగలరు. అందుకే ఈ సీన్‌కి అప్పటికంటే ఇప్పుడే బలం ఎక్కువ అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. వాడు సినిమాని లెక్కలా చూస్తాడు. సగం దాటాక రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు. ఆపడం, వెనక్కి తిప్పడం, "ఇది షూటింగా, నిజమా, కలా?" అని అడగడం. రెండో సగంలో మీమా పదే పదే మంచం మీద ఉలిక్కిపడి లేస్తుంది. లేచిన ప్రతిసారీ, ఇప్పటిదాకా చూసింది కలేమో అనిపిస్తుంది. అంతలో ఆ లేవడమే సీరియల్‌లో సీను అయిపోతుంది, ఎవరో "కట్" అంటారు. చివరికి వాడికి కోపమొచ్చింది. "ఇది మోసం. ఏది నిజమో డైరెక్టర్ చెప్పాలి కదా!" అన్నాడు.

వాడి కోపం నాకు అర్థమైంది. కానీ ఆ 81 నిమిషాలూ మీమా ఉన్న పరిస్థితి అదే. దర్శకుడు సతోషి కోన్ మనకి బయట ఎక్కడో కుర్చీ వేసి, ఆమె తికమకని చూడమనలేదు. ఆ తికమకలోనే కూర్చోబెట్టాడు. కోన్ కట్ చేసే పద్ధతి గమనించండి. మొదటి పది నిమిషాల్లోనే స్టేజీ మీద మీమా చెయ్యి తిప్పుతుంది, మరుక్షణం ఆ కదలిక రైల్లోనో కొట్లోనో కొనసాగుతుంది. అక్కడ మనకి ఏ ఇబ్బందీ ఉండదు, ఒకటి పని, ఒకటి ఇల్లు అని తేలిగ్గా విడదీసుకుంటాం. తర్వాత అదే పద్ధతిలో సీరియల్‌నీ జీవితాన్నీ కలిపి కుట్టేస్తాడు. కుట్టు ఎక్కడుందో ఇక కనపడదు.

మొదట దీన్ని మనుషులతో తీద్దామనుకున్నారట. 1995లో వచ్చిన కోబే భూకంపంలో స్టూడియో దెబ్బతినడంతో యానిమేషన్ వైపు మళ్ళారు. మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసింది. దర్శకుడిగా కోన్‌కి ఇదే మొదటి సినిమా. మనుషులతో తీసుంటే సెట్టు సెట్టులా, ఇల్లు ఇల్లులా ఎంతో కొంత తేడా తెలిసిపోయేది. బొమ్మల్లో నిజమైన మీమానీ, ఆమె ఊహల్లో పుట్టి అద్దంలోంచి నవ్వే ఇంకో మీమానీ ఒకే గీతతో గీస్తారు. కన్ను ఆనవాలు పట్టడానికి ఏమీ దొరకదు.

రెండో మాట నా స్నేహితురాలిది. షూటింగ్‌లో వచ్చే లైంగిక దాడి సీన్ దగ్గర తను లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది గానీ చాలాసేపు మాట్లాడలేదు. ఆ సీన్ ఏంటంటే, సీరియల్‌లో మీమా పాత్ర పెంచడానికి రచయిత ఆమెపై దాడి సన్నివేశం రాస్తాడు. అది నటన అని మనకి తెలుసు, ఆమెకీ తెలుసు. మధ్యలో "కట్" అంటారు, అందరూ ఉన్నచోట ఉన్నట్టే ఆగుతారు. ఆమె మీద ఉన్న నటుడు మెల్లగా సారీ చెప్తాడు. మళ్ళీ మొదలవుతుంది. రూమీ చూడలేక ఏడుస్తూ బయటికి వెళ్ళిపోతుంది.

"నటనే అయితే నాకెందుకింత కడుపులో తిప్పింది?" అని అడిగింది నా స్నేహితురాలు. ఆ సీన్ గురించి ఇంతకంటే సరైన ప్రశ్న నేను వినలేదు. అక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఆ నటుడు మర్యాదస్తుడు. యూనిట్ వాళ్ళు తమ పని తాము చేసుకుంటున్నారు. ఇష్టమేనా అని అడిగితే మీమా ఇష్టమేనంది. అయినా ఆమెకి దెబ్బ తగిలింది. ఇంటికొచ్చి చూస్తే తొట్టిలో చేపలు చచ్చి తేలుతుంటాయి. అప్పుడు పగిలిపోతుంది మీమా. నాకు మాత్రం చేయాలని ఉంటుందా అని ఏడుస్తూ సామాను విసిరికొడుతుంది. అందరికీ ఇబ్బంది అవుతుందని కాదనలేకపోయింది. సినిమా మొత్తంలో నాకు అన్నిటికంటే నిజంగా అనిపించిన నిమిషం అది.

అయితే ఆ షూటింగ్ సీన్ నిడివి ఎక్కువని నా అభిప్రాయం. విషయం అర్థమయ్యాక కూడా కెమెరా అక్కడే నిలబడింది. సినిమా తాను తప్పుపడుతున్న చూపునే కొన్ని క్షణాలు తానూ వాడుకుంది. సినిమా మీద నాకెంత గౌరవం ఉన్నా ఈ మాట చెప్పకుండా ఉండలేను.

మూడో మాట మా పెద్దమ్మ కూతురిది. అక్క చాలా మెత్తని మనిషి. సినిమా అయిపోయాక కళ్ళు తుడుచుకుంటూ, "హాయిగా ఆ పాటలే పాడుకుంటూ ఉండిపోతే ఎంత బాగుండేదో కదా, బంగారం లాంటి పిల్ల" అంది. ప్రేమతోనే అంది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. సినిమాలో ఆ మాట ఎవరంటారో గుర్తు చేసుకోండి. మీమాని వెంటాడే మీ-మేనియా అనే అభిమాని అంటాడు. 'మీమా గది' రాసేవాళ్ళు అంటారు. గులాబీ గౌను వేసుకుని దీపస్తంభాల మీద ఎగురుతూ తిరిగే ఆ ఊహల మీమా అంటుంది: అసలైన మీమాని నేను, నువ్వు మాసిపోయావు అని. హంతకుల నోట్లో ఉన్న కోరికే, కాస్త మెత్తగా, మన నోట్లోనూ ఉంది.

నన్ను మినహాయించుకోవడం లేదు. మొదటిసారి చూసినప్పుడు, మీమా ఫోటోలు తీసిన ఫోటోగ్రాఫర్ హత్య తర్వాత అల్మరాలో రక్తం మరకల బట్టలు చూసి, ఈ పిల్లే చేసిందని నేను తీర్పు ఇచ్చేశాను. అంతదాకా ఆ అమ్మాయి పడిన బాధంతా కళ్ళారా చూసి కూడా.

ఇది 1997 నాటి ఊహ మాత్రమే అనుకోకండి. 2016 మేలో టోక్యో శివార్లలోని కొగనెయిలో, కచేరీ ఇవ్వబోతున్న ఓ యువ గాయనిని ఒక అభిమాని కత్తితో పొడిచాడు. ప్రాణాపాయ స్థితికి వెళ్ళి ఆమె బతికింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఈ సినిమాలో మొదటి షాట్లలో ఒకటి గుర్తొచ్చింది. స్టేజీ మీద మీమా డాన్స్ చేస్తుంటే, దూరంగా కాపలా కాస్తున్న మీ-మేనియా అరచెయ్యి చాపుతాడు. అతని కళ్ళలోంచి చూస్తే ఆమె అతని అరచేతిలో ఆడుతున్న బొమ్మలా ఉంటుంది.

సరే, ఇక్కణ్ణుంచి క్లైమాక్స్. చూడనివాళ్ళు ఆపేసి, చూశాక రండి.

రూమీ. ముగ్గురిలో ఒక్కరు కూడా రూమీని అనుమానించలేదు. షూటింగ్ చూడలేక ఏడ్చిన మనిషి, మీమా తరఫున గొడవపడిన ఒకే ఒక్క మనిషి. ఆమె తీసుకెళ్ళిన గదిలో మీమా కళ్ళు తెరుస్తుంది. అచ్చం తన గదిలాగే ఉంటుంది, కానీ అది తనది కాదు. రూమీ ఐడల్ గౌను వేసుకుని వస్తుంది. తనకి దక్కకుండా పోయిన వయసునీ వేదికనీ ఆమె మీమాలో దాచుకుంది. మీమా మారిపోతుంటే తనదేదో దొంగిలిస్తున్నట్టు అనిపించింది.

చంపడానికి రూమీ మీమాని వెంటాడే సీన్‌లో మనకి గాల్లో తేలుతూ గెంతే మీమా కనిపిస్తుంది. అద్దాల మీద మాత్రం ఆ బిగుతు గౌనులో ఆయాసపడుతూ పరిగెత్తే రూమీ కనిపిస్తుంది. ఇంతసేపూ మోసం చేసిన అద్దాలు ఇక్కడ నిజం చెప్తాయి. నాకు ఆ ప్రతిబింబం చూస్తే భయం కంటే జాలి ఎక్కువ కలిగింది. దూసుకొస్తున్న లారీ లైట్లు రూమీకి స్టేజీ లైట్లలా కనిపిస్తాయి. అటు నడుస్తుంది. ఒళ్ళంతా గాయాలతో ఉన్న మీమా ఆమెని పక్కకి లాగి కాపాడుతుంది. నన్ను చంపబోయిందే అని ఒక్క క్షణం కూడా ఆలోచించదు. ఈ సీన్ గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు, ఎందుకో.

చివరి సీన్ మీద మాత్రం మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. కొన్నేళ్ళ తర్వాత మీమా పెద్ద నటి అయ్యి, ఆసుపత్రిలో ఉన్న రూమీని చూడటానికి వస్తుంది. ఇక్కడికి అంత పెద్ద నటి ఎందుకొస్తుంది, అచ్చం ఆమెలా ఉన్న ఇంకెవరో అయ్యుంటారని నర్సులు మాట్లాడుకుంటారు. కారెక్కి, నల్ల కళ్ళద్దాలు తీసి, అద్దంలో చూస్తూ అంటుంది: నేను నిజమైనదాన్నే.

అద్దంలో నవ్వింది కాబట్టి గెలిచింది ఆ నకిలీ మీమాయే అని తమ్ముడి వాదన. లేదు, ఆ పిల్ల బాగుపడిందని అక్క. నేను అక్క వైపే. సినిమా అంతా ఎవరో ఒకరు ఆమె ఎవరో చెప్తూనే ఉన్నారు, ఏజెన్సీ, రచయిత, ఫోటోగ్రాఫర్, అభిమాని, ఆఖరికి ఆ నర్సులు కూడా. కార్లో ఆమె తప్ప ఇంకెవరూ లేరు. ఆ మాట మొదటిసారి ఆమె తన నోటితో అంటుంది.

తమ్ముడికి నేను చెప్పింది నచ్చలేదు. కానీ నిన్న ఫోన్ చేసి, ఇంకోసారి చూస్తాను, ఈసారి రిమోట్ నువ్వే పట్టుకో అన్నాడు.