మెడ డిస్క్‌కి లేజర్ అంటున్నారా, ఏ లేజరో ముందు అడగండి

నమస్తే అండీ. ఎమ్మారై రిపోర్ట్‌లో సి5-సి6 దగ్గర (మెడలో ఐదో, ఆరో వెన్నుపూసల మధ్య) డిస్క్ బల్జ్, అంటే ఆ ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బింది అని కనిపించగానే చాలామంది హడలిపోయి, కోత లేదంట కుట్లు లేవంట లేజర్ పెడితే తగ్గిపోతుందంటగా అని అడుగుతుంటారు. అడగడంలో తప్పేం లేదు, భుజం నుంచి వేళ్ళదాకా చెయ్యి లాగేస్తుంటే ఏ పక్కకి తిరిగి పడుకోవాలో తెలియక రాత్రంతా కూర్చునేవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. కాకపోతే లేజర్ అనే ఒక్క పేరుతో రెండు వేరే వేరే ట్రీట్‌మెంట్లు నడుస్తున్నాయండీ.

ఒకటి ఫిజియోథెరపీలో చేసేది. కళ్ళకి అద్దాలు పెట్టి, మెడ మీద పైపైన లేజర్ పెడతారు, అంతే. ఇది నొప్పి తగ్గించడానికి. 2009లో లాన్సెట్ జర్నల్‌లో 16 ట్రయల్స్, 820 మందిని కలిపి చూస్తే మెడనొప్పి తగ్గినట్టే కనిపించింది. కానీ అది మెడనొప్పి గురించి, బయటికొచ్చిన డిస్క్ వెనక్కి వెళ్ళిపోతుందని కాదు. ఎవరైనా అలా చెప్తే నమ్మకండి.

రెండోది సూదితో చేసేది, పీఎల్‌డీడీ (పర్‌క్యుటేనియస్ లేజర్ డిస్క్ డీకంప్రెషన్) అంటారు. 1986లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మొదట నడుము డిస్క్‌కి చేశారు. మెడకైతే గొంతు ముందు నుంచి వెళ్ళాలి, డాక్టర్ వేళ్ళతో శ్వాసనాళాన్ని, అన్నవాహికని పక్కకి జరిపి పట్టుకుని, ఎక్స్‌రే స్క్రీన్ మీద చూసుకుంటూ డిస్క్‌లోకి సూది దింపుతారు, ఆ సూదిలోంచి సన్నటి ఫైబర్ పంపి మధ్యలో ఉండే జెల్లీ లాంటి పదార్థాన్ని కొంచెం ఆవిరి చేస్తారు, దాంతో లోపల ప్రెషర్ తగ్గి నరం మీద ఒత్తిడి తగ్గాలి. అందుకే డిస్క్ పైపొర చినగకుండా ఉబ్బినవాళ్ళకే ఇది. ముక్క తెగి బయటపడితే లోపల ఎంత ఆవిరి చేసినా ఆ ముక్క అక్కడే ఉంటుంది కదా. పైగా కోత లేదని చిన్న విషయం అనుకోకండి, ఇన్ఫెక్షన్ రావచ్చు, వేడికి పక్కన నరం దెబ్బతినొచ్చు.

ఇంకో మాట, నరం నొక్కుకుని చెయ్యి లాగేవాళ్ళలో ఎక్కువమందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో మందులు, ఎక్సర్‌సైజులతోనే తగ్గుతుంది, కాబట్టి రిపోర్ట్ చూసి కంగారుగా డబ్బు కట్టేయకండి.

కానీ చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా, నడుస్తుంటే కాళ్ళు తడబడినా, మూత్రం మీద పట్టు పోయినా అది వెన్నుపాము నొక్కుకుంటున్న లక్షణం కావచ్చు, అప్పుడు లేజర్ సిట్టింగులంటూ రోజులు గడపకుండా వెంటనే స్పైన్ సర్జన్‌కి చూపించండి.