చలికాలంలో చుట్టాలింటికి: యూరప్ ప్రయాణానికి సిద్ధం కావడం

అందరికీ నమస్కారం.

డిసెంబరు సెలవుల్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పిన్ని ఇంటికి, పారిస్‌లో మామయ్య దగ్గరికి, స్టాక్‌హోమ్‌లో అన్నయ్య వాళ్లింటికి వెళ్లి రావాలనుకునే పిల్లలు మనలో చాలామందే ఉన్నారు. ఉండడానికి ఇల్లుంది, తిండికి లోటులేదు కాబట్టి టికెట్ కొంటే పనైపోయిందనుకుంటారు. కానీ వీసా కోసం ముందు కదలాల్సింది మీరు కాదు, పిలిచే చుట్టాలు.

జర్మనీలో పిన్ని మీ ఖర్చు భరిస్తానంటే అక్కడి విదేశీయుల కార్యాలయంలో తన ఆదాయం చూపించి హామీపత్రం తీసుకోవాలి. ఫ్రాన్స్‌లో మామయ్యయితే తమ ఊరి పురపాలక కార్యాలయం నుంచి ఆతిథ్యపత్రం తేవాలి. దానికి 30 యూరోల స్టాంపు. ఇవి వాట్సాప్‌లో ఫొటో పంపితే చెల్లేవి కావు. అసలు కాగితం కొరియర్‌లో మీ చేతికి అందాలి. అక్కడ అపాయింట్‌మెంటుకే వారాలు పట్టొచ్చు, అందుకే ఆగస్టులోనే వాళ్లకు గుర్తుచేయండి. షెంజెన్ వీసాకు (జర్మనీ, ఫ్రాన్స్, స్వీడన్ సహా యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి చెల్లే ఒకే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు ఇవ్వొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చి తీరాలి.

ఏ దేశానికి ఇవ్వాలి? ఎక్కువ రోజులుండే దేశానికి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో తొమ్మిది, పారిస్‌లో ఐదు, స్టాక్‌హోమ్‌లో నాలుగు రోజులైతే జర్మనీకే. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. వీసా అపాయింట్‌మెంటు త్వరగా దొరికిందని మరో దేశానికి పెట్టకండి. తిరస్కరిస్తే 90 యూరోల ఫీజు తిరిగి రాదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా కూడా చూపాలి. మధ్యలో లండన్ వెళ్లి అత్తను చూసొద్దామంటే బ్రిటన్‌కు వేరే వీసా కావాలి. మీ షెంజెన్ వీసా ఒకే ప్రవేశానికి ఇచ్చిందైతే లండన్ నుంచి మళ్లీ పారిస్‌లోకి రానివ్వరు.

ఇక అమ్మ సర్దే పెట్టె సంగతి. ఆవకాయ సీసా, కారప్పొడి, జంతికలు ఫరవాలేదు. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి మాత్రం పెట్టొద్దు: బయటి దేశాల నుంచి పాల, మాంసం పదార్థాలు తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. పచ్చి కరివేపాకుకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. పిన్ని ఎంత ఆశపడినా కస్టమ్స్ వాళ్లు పారేయిస్తారు.

బట్టల్లో ఒకే మందపాటి కోటు కన్నా పొరలు మేలు. ఇళ్లలో, రైళ్లలో హీటరు వెచ్చగా ఉంటుంది, తీసేయడానికి వీలుండాలి. ఒంటికి ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్, పైన స్వెట్టరు, ఆపైన గాలీ నీళ్లూ చొరబడని జాకెట్. లోపల నూలు బనియను వద్దు: చెమటకు తడిసి త్వరగా ఆరదు, చలి పట్టేది అందువల్లే. బూట్లు మందపాటి సాక్సుతో వేసుకుని చూసి కొనండి. బిగుతుగా ఉంటే రక్తం సరిగా ఆడక వేళ్లు గడ్డకడతాయి. అడుగున లోతైన గాళ్లు లేకపోతే మంచుపేరిన బాటమీద జారతారు.

డిసెంబరు చివర్లో స్టాక్‌హోమ్‌లో మధ్యాహ్నం మూడింటికల్లా పొద్దుగుంకుతుంది, చూడాల్సినవి ఉదయమే చూసేయండి. జర్మనీలో 24 మధ్యాహ్నం నుంచి 26 దాకా దుకాణాలు మూతపడతాయి, పిన్నితో కలిసి 23లోపే సరుకులు తెచ్చుకోండి.

పారిస్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా వెళ్లే రైలు నాలుగు గంటల్లో చేరుస్తుంది. యూరప్‌లోని చాలా దేశాల రైళ్లలో చెల్లే యూరైల్ పాసులో 27 ఏళ్ల వయసు వరకు తగ్గింపు ఉంది. అయితే ఈ రైలుకు పాసు ఉన్నా సీటు విడిగా రిజర్వు చేసుకోవాలి. చలికి ఫోను బ్యాటరీ చటుక్కున పడిపోతుంది. ఫోను లోపలి జేబులో పెట్టుకోండి, టికెట్ ఒకటి కాగితంమీద ముద్రించి దగ్గరుంచుకోండి.