అరవై దాటాక పట్టిన కుంచె

సభకు నమస్కారం.

చిత్రకళ నేర్చుకుంటున్న పిల్లలూ, నాలాగా పదవీ విరమణ చేసినవారూ కలిసి కూర్చున్న ఈ సభలో తైలవర్ణ చిత్రాల గురించి మాట్లాడమన్నారు. 31 ఏళ్లు జీవశాస్త్రం బోధిస్తూ, నల్లబల్ల మీద గుండెనూ మందారపువ్వు నిలువుకోతనూ లెక్కలేనన్ని సార్లు గీసిన నేను, నూనె రంగుల గొట్టం మూత మొదటిసారి విప్పింది 61వ ఏట. 27 ఏళ్లకే కన్నుమూసిన దామెర్ల రామారావు గారి చిత్రాలను మన రాజమహేంద్రవరం గ్యాలరీలో చూస్తూ పెరిగినదాన్ని కనుక, కళ చిన్న వయసులోనే వెలగాలన్న అభిప్రాయం నాలో బలంగా పాతుకుపోయింది.

మొదటి ఆరు నెలలు నేను వేసినవన్నీ క్యాలెండర్ బొమ్మలకు నకళ్లే. మంచు కొండలు, దేవదారు చెట్లు, నేనెన్నడూ చూడని సరస్సులు. చూసినవారు బాగున్నాయన్నారు గానీ, ఒక్కదాన్నీ పూర్తి చేయాలని నాకు అనిపించలేదు. లోపం చేతిలో ఉందనుకుని ఖరీదైన కుంచెలు కొన్నాను.

ఆ రోజుల్లోనే అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన అన్నా మేరీ రాబర్ట్‌సన్ మోజెస్ జీవితం గురించి చదివాను. 1860లో పుట్టి, పొలం పనుల్లోనే జీవితం గడిపిన ఆమె, కీళ్లనొప్పుల వల్ల సూది పట్టుకోవడం కష్టమై, తోబుట్టువు సలహాతో ఊలు కుట్టుపని మానుకుని, డెబ్బైల చివర్లో రంగులు చేపట్టారు. 1938లో ఒక మందుల దుకాణం కిటికీలో మూడు, ఐదు డాలర్లకు అమ్మకానికి పెట్టిన ఆమె బొమ్మలను ఒక కళాభిమాని చూసి కొన్నాడు. రెండేళ్ల తర్వాత, ఆమెకు 80 ఏళ్లప్పుడు, న్యూయార్క్ నగరంలో ఆమె చిత్రాల ప్రదర్శన జరిగింది. 101వ ఏట మరణించేనాటికి సుమారు 1500 చిత్రాలు వేశారు. ఆమె కథను అందరూ కీర్తి కోసం చెప్పుకుంటారు. నన్ను పట్టుకున్నది వేరు. అట్టపలకకు అవిసె నూనె రాసి, దాని మీద తెల్లరంగు మూడు పూతలు వేసి, ముందు ఆకాశం, తర్వాత కొండలు, ఆ తర్వాత చెట్లూ ఇళ్లూ, చివరికి పశువులనూ మనుషులనూ పెట్టుకుంటూ, ఆమె వేసినదంతా తాను బతికిన పల్లెనే, చాలావరకు జ్ఞాపకం నుంచే.

అది చదివాక క్యాలెండర్లు పక్కన పెట్టి మన పాత హేవలాక్ వంతెన వేశాను. 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచిన ఆ వంతెన మీద, చిన్నప్పుడు అమ్మ ఒడిలో కూర్చుని గోదావరిలోకి పైసలు విసిరిన పిల్లను నేను. ఇనుప దూలాల మధ్య నుంచి ముక్కలు ముక్కలుగా కనిపించే నీళ్లను వేస్తున్నప్పుడు భోజనం వేళ దాటిపోయిన సంగతి కూడా తెలియలేదు. స్ఫూర్తి కోసం నేను ఎక్కడెక్కడో వెతికాను. అది అరవై ఏళ్లుగా నాలోనే పోగుపడి ఉంది.

తైలవర్ణానికీ పెద్ద వయసుకూ చక్కని పొత్తు కుదురుతుందని నా నమ్మకం. నీటిరంగు నీరు ఆవిరై ఆరుతుంది. నూనె రంగు మాత్రం గాలిలోని ఆమ్లజనిని పీల్చుకుని రోజుల తరబడి నెమ్మదిగా గట్టిపడుతుంది. అంబర్ అనే గోధుమ రంగు త్వరగా ఆరుతుంది, కాడ్మియం ఎరుపు చాలా ఆలస్యం చేస్తుంది. కింది పూత టర్పెంటైన్‌తో పల్చగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ నూనె పెరగాలి. ఈ వరుస తప్పితే కొన్నేళ్లకు బొమ్మ బీటలు వారుతుంది. చెయ్యి వణికి తప్పుపడిన గీతను మర్నాడు కత్తితో గీకి తీసేయవచ్చు. బడి గంట వినిపించని ఉదయాలు మొదట్లో నన్ను చాలా భయపెట్టాయి. ఇప్పుడు నిద్ర లేస్తూనే నిన్నటి పూత ఎంతవరకు ఆరిందో వేలి కొసతో తాకి చూస్తాను, దాన్నిబట్టి ఆ రోజు పని తేలుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో స్టాండు మీద అదే వంతెన, ఆరోసారి, సంధ్యవేళ వెలుగులో ఉంది. మూడో స్తంభం కింద నీడ ఇంకా పచ్చిగానే ఉంది. ఈ వానాకాలపు తేమకు మరో నాలుగు రోజులు ఆగి, అప్పుడు దాని మీద నీటి మెరుపు పెట్టాలి.