చిన్న సర్కారు బడి: ఆరో తరగతిలో వేసే ముందు ఏం చూడాలి?

[తెరపై: హైదరాబాద్ బస్తీలో ఒక బడి గేటు. లోపల ప్రార్థనకి వరుస కడుతున్న పిల్లలు.]

నమస్కారం. మీ సందు చివర ఒక సర్కారు బడి ఉంది. ఏడు వరకో, ఎనిమిది వరకో ఉండే యూపీ స్కూల్, అంటే అప్పర్ ప్రైమరీ. ఆరు, ఏడు, ఎనిమిది మూడు తరగతులూ కలిపినా నలభై మంది ఉండరు. ప్రైవేటు బడిలో ఫీజు మళ్లీ పెంచారు. పాపని ఇక్కడ వేస్తే ఎలా ఉంటుందా అని మీకు ఆలోచన వచ్చింది. "పిల్లలే లేని బడిలో ఎలా వేస్తావు?" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఆ బడికి మీరే వెళ్లి ఏం చూడాలో, ఎవరిని ఏం అడగాలో ఈ వీడియోలో చెప్తాను.

పిల్లలు తక్కువ ఉన్నారని బడి చెడ్డదైపోదు. అలాగే పన్నెండు మందే ఉన్న తరగతిలో చదువు దానంతట అదే బాగుండదు. ఆ పన్నెండు మందికి ఎవరు చెప్తున్నారు, రోజూ చెప్తున్నారా అన్నది తేలితే మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు. గోడలకి రంగులు వేశారా, కొత్త బెంచీలు వచ్చాయా అన్నవి కూడా తర్వాతే.

[తెరపై: హెచ్ఎం గది గోడ మీద టైంటేబుల్. కెమెరా మెల్లగా దగ్గరికి.]

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి ఎనిమిది దాకా ఎంతమంది టీచర్లు ఉండాలో అందులోనే రాశారు. తరగతికి ఒకరు తగ్గకూడదు. సైన్సు, లెక్కలకి ఒకరు, సోషల్‌కి ఒకరు, భాషలకి ఒకరు ఉండాలి. ముప్పై అయిదు మంది పిల్లలకి ఒక టీచరు చొప్పున లెక్క. పిల్లలు ఇరవై మందే ఉన్నా మొదట చెప్పిన ముగ్గురూ ఉండాల్సిందే.

సైన్సుకీ లెక్కలకీ కలిపి ఒక్కరే అన్నారు, చూశారా? చిన్న బడుల్లో తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే. ఆ టీచరు డిగ్రీలో బీజెడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివినవారైతే ఆకు, వేరు, జీర్ణవ్యవస్థ ప్రాణం పెట్టి చెప్తారు. బీజగణితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుస్తకంలో ఉన్న లెక్కని బోర్డు మీద వేసి ముందుకు వెళ్లిపోవచ్చు. మ్యాథ్స్ చదివినవారైతే ఇదే కథ అటు తిరుగుతుంది. అందుకని మొహమాటపడకుండా అడగండి: "సార్, ఆరో తరగతికి లెక్కలు ఎవరు చెప్తారండీ? వాళ్ల సొంత సబ్జెక్టు ఏది?" మంచి హెచ్ఎం దీనికి నొచ్చుకోరు. పైగా ఇన్నాళ్లకి ఒక తల్లి సరైన ప్రశ్న అడిగిందని సంతోషిస్తారు.

హిందీ సంగతి కూడా కనుక్కోండి. సర్కారు బడుల్లో సాధారణంగా హిందీ ఆరో తరగతిలోనే మొదలవుతుంది. హిందీ పండిట్ లేకపోతే పిల్లలు అక్షరాలు సరిగా రాకుండానే ఏడుకి వెళ్తారు. పదో తరగతి పరీక్షల్లో అదొక పేపరు.

పోస్టు ఉండటం వేరు, మనిషి ఉండటం వేరు. డెప్యుటేషన్ మీద వేరే బడికి వెళ్లిన టీచరు పేరు ఇక్కడి రిజిస్టరులోనే ఉంటుంది. అందుకే మీటింగ్ రోజు కాకుండా ఏదో ఒక మామూలు మంగళవారం, ప్రార్థన టైముకి వెళ్లండి. టైంటేబుల్‌లో ఎన్ని పేర్లు ఉన్నాయి, పిల్లల ముందు ఎంతమంది టీచర్లు నిలబడ్డారు? రెండూ పోల్చండి. ఒకరు సెలవు పెడితే ఆ పీరియడ్‌లో పిల్లలు ఏం చేస్తారో అడగండి. ముగ్గురు టీచర్లున్న బడిలో ఒకరు ఎన్నికల డ్యూటీకి పోతే ఆరు, ఏడు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెడతారు. ఎప్పుడో ఒకసారి అయితే సర్దుకుపోవచ్చు. ఏడాదంతా అదే ఏర్పాటైతే నేను మాత్రం ఆ బడిలో వేయమని చెప్పను.

[తెరపై: రెండు లెక్కల నోట్‌బుక్కులు పక్కపక్కన.]

ఇక నోట్‌బుక్కులు. వీలైతే రెండు అడిగి తీసుకోండి, బాగా చదివే పిల్లవాడిది ఒకటి, వెనకబడిన పిల్లవాడిది ఒకటి. రెండింట్లో జవాబులు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉంటే అది బోర్డు మీంచి ఎక్కించిందే. ప్రతి పేజీ కింద ఎర్ర టిక్కు, సంతకం, తేదీ ఉన్నాయని మురిసిపోకండి. తప్పులు ఎక్కడున్నాయో వెతకండి.

ఇదిగో, ఈ పేజీ చూడండి. ఒకటి బై రెండు, ఒకటి బై మూడు కూడమన్నారు. పిల్లవాడు పైవీ పైవీ, కిందవీ కిందవీ కూడేసి రెండు బై అయిదు అని రాశాడు. టీచరు దాన్ని కొట్టేసి ఊరుకోలేదు. పక్కనే మూడు బై ఆరు, రెండు బై ఆరు అని రాసి ఆపారు. కింద పిల్లవాడి రాతలోనే అయిదు బై ఆరు అని ఉంది. మర్నాటి తేదీతో అలాంటివే ఇంకో రెండు లెక్కలు ఇచ్చారు. పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో ఆ టీచరుకి తెలుసు, మర్నాడు గుర్తు పెట్టుకున్నారు కూడా. అరవై మంది ఉన్న సెక్షన్‌లో ఇది చేయాలని ఉన్నా చేయలేరు. చిన్న బడికి వెళ్లేది దీనికోసమే. ఇది కనిపించకపోతే తక్కువ మంది ఉండి లాభం ఏముంది?

[తెరపై: ఫోన్‌లో యూడైస్ ప్లస్ పేజీ.]

బడికి వెళ్లే ముందు ఇంట్లోనే చూసుకోదగ్గది ఒకటుంది. ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. తెలంగాణ బడులది 36తో, ఆంధ్రప్రదేశ్ బడులది 28తో మొదలవుతుంది. బడుల వివరాలు ఉండే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ యూడైస్ ప్లస్‌లో 'నో యువర్ స్కూల్' పేజీ తెరిస్తే పిల్లలు, టీచర్లు, మరుగుదొడ్లు, గదుల వివరాలు వస్తాయి. హైదరాబాద్‌లో ఒకే ఆవరణలో తెలుగు మీడియం బడి, ఉర్దూ మీడియం బడి విడివిడిగా నడవొచ్చు. వాటి కోడ్‌లు వేరు. మీరు చూస్తున్నది సరైన బడినేనా అని సరిచూసుకోండి.

నిరుడు ఆరో తరగతిలో ఉన్నవాళ్లు ఈ ఏడు ఏడో తరగతిలో బాగా తగ్గిపోయారా? అంతమాత్రాన కంగారు పడకండి, ఎక్కడికి వెళ్లారో అడగండి. గురుకులంలో సీటు వచ్చి వెళ్లారంటే ఇక్కడ చదువు బాగానే చెప్పారని అర్థం. పక్క వీధిలోని ప్రైవేటు బడికి వెళ్లి ఉంటే ఆ తల్లిదండ్రులతో ఒకసారి మాట్లాడండి.

మధ్యాహ్నం దాకా ఉండగలిగితే ఉండండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పూటకి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు అని కొలత ఉంది. హైదరాబాద్‌లో చాలా బడులకి భోజనం బయట వండి బండిలో వస్తుంది. ఎన్నింటికి వస్తోంది, అప్పటికి వేడిగా ఉందా, పిల్లలు తింటున్నారా పారేస్తున్నారా చూడండి. మీ పాప అయిదేళ్లు ఇంటి డబ్బాకి అలవాటు పడింది కదా.

ఆడపిల్ల తల్లిదండ్రులైతే మరుగుదొడ్డి తప్పకుండా చూడండి. గడియ పడుతుందా, నీళ్లు వస్తున్నాయా, తాళం వేసి ఉందా? అమ్మ వెళ్లి ఎనిమిదో తరగతి పిల్లల్ని పక్కకి పిలిచి, "అమ్మా, బడిలో బాత్‌రూమ్‌కి వెళ్తారా, ఇంటికెళ్లే దాకా ఆపుకుంటారా?" అని అడిగితే చాలు. ఆపుకోవడానికి పొద్దున్నుంచి నీళ్లు తాగని పిల్లలు ఎందరో ఉన్నారు. దీన్ని చిన్న విషయం కింద తీసేయకండి.

ఇంగ్లిష్ మీడియం గురించి అందరికీ టెన్షన్. పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ఆ బడి పిల్లల్లో ఒకరిని సైన్సు పుస్తకం తెరిచి ఇంగ్లిష్‌లో ఒక పేరా చదవమనండి, తర్వాత అదేమిటో తెలుగులో చెప్పమనండి. చదివి, చెప్పగలిగితే అక్కడ పాఠం అర్థమయ్యేలా జరుగుతోంది. గడగడా చదివి, చెప్పమనేసరికి దిక్కులు చూస్తే మీరు ఫీజు కట్టే బడిలోనూ అదే పరిస్థితి ఉందేమో ఇంటికెళ్లి మీ పాపనే అడిగి చూడండి.

చిన్న బడిలో ఇంకో మేలుంది. చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. నలభై మంది పిల్లలున్న చోట మీ మాట తేలిగ్గా పక్కకి పోదు. లెక్కల టీచరు డెప్యుటేషన్ మీద వెళ్లిపోతే పదిమంది తల్లులు కలిసి ఎంఈవో, అంటే మండల విద్యాధికారి దగ్గరికి వెళ్లొచ్చు.

[తెరపై: ఎనిమిదో తరగతి గది. బోర్డు మీద ఎన్ఎంఎంఎస్ అన్న మాట.]

బడి ఏడుతోనో ఎనిమిదితోనో ఆగిపోతుంది కాబట్టి ఆ తర్వాత పిల్లలు ఏ హైస్కూల్‌కి వెళ్తున్నారు, అది ఎంత దూరం, దారిలో మెయిన్ రోడ్డు దాటాలా, ఇవి ఇప్పుడే కనుక్కోండి. ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. సర్కారు, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి, కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఈ బడి నుంచి ఎవరైనా రాశారా, ఎవరు చదివించారు అని అడగండి.

చేర్పించాలని నిర్ణయించుకుంటే, ప్రవేశ పరీక్ష పెట్టకూడదు. పాత బడివాళ్లు టీసీ ఆలస్యం చేసినా ఆ కారణంతో చేర్చుకోవడం ఆపకూడదు, చట్టంలో అయిదో సెక్షన్ అదే చెప్తుంది. బడి చూడటానికి ఏప్రిల్‌లో, వేసవి సెలవులు ఇవ్వకముందే వెళ్లండి. అప్పటికి నోట్‌బుక్కులు నిండి ఉంటాయి. కుదరకపోతే జూన్‌లో బడి తెరిచాక ఒక వారం పోనిచ్చి వెళ్లండి.