అలర్ మేల్ మంగై, అలివేలు, అలివేణి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ కార్యదర్శిగారు ఇందాకే చదివేశారు, మళ్లీ చదవను. గ్రంథాలయ వారోత్సవాలకి నాకిచ్చిన అంశం 'తెలుగువారి పేర్లు'. పది నిమిషాల్లో అందరి పేర్లూ నావల్ల కాదు. నా పేరొక్కటే చెప్తాను.

అలివేలు మంగతాయారు. మా నాన్నమ్మ పేరే నాకు పెట్టారు. ఇది అరవనాడు నుంచి నడిచొచ్చిన పేరు. అలర్ అంటే పువ్వు, మేల్ అంటే పైన, మంగై అంటే స్త్రీ. తాయార్ అంటే తల్లి. తామరపువ్వు మీది అమ్మ, మన తిరుచానూరు పద్మావతమ్మ. తమిళ వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారు పాడిన తిరువాయ్‌మొళిలో ఆ తల్లి స్వామి రొమ్ము మీద చేరి, రవ్వంతసేపైనా విడిచి ఉండలేనంటుంది. 15వ శతాబ్దంలో అన్నమయ్య పాటల్లోకి వచ్చేసరికి అలమేలుమంగ అయింది. మన నోళ్లలో నానీ నానీ అలివేలు.

ఆ పాటల్ని రాగిరేకుల మీద చెక్కించారు కాబట్టి అక్కడ పేరు చెక్కుచెదరలేదు. నా పేరు కాగితాల మీద ఉంది, అదీ నా ఖర్మ!

సర్వీసు రిజిస్టరులో ఎ.ఎం.తాయారు. పాస్‌బుక్కులో మంగ. గుర్తింపు కార్డులో అలివేణి. నాలుగు నెలలు పింఛను ఆగింది. "ఈ ముగ్గురూ ఒక్కరేనని రుజువేదమ్మా?" అన్నాడు కిటికీ అవతలి బాబు. కార్డు దిద్దమని వెళ్తే అక్కడి కుర్రాడు, "ఆంటీ, అలివేణి బావుంది కదా, ఉంచేయండి" అన్నాడు. బావుంటుంది నాయనా, తుమ్మెద బారులాంటి జడగలది అని అర్థం. నా తల చూశావా?

ఏం చెప్తున్నాను... ఆఁ, మా చిన్నప్పుడు మా వీధిలో ముగ్గురు అలివేళ్లం. పెద్దలివేలు, చిన్నలివేలు, బావి దగ్గర అలివేలు. బావి దగ్గరలివేలుని నేనే. ఇప్పుడు ఏ బారసాలకెళ్లినా ఆద్య, అనన్య. వద్దనను, పిల్ల మీది, పేరు మీది. మా మనవరాలికి పెడదామంటే మావాడు, "అమ్మా, అక్కడి టీచర్లకి నోరు తిరగదే" అన్నాడు. ఇక్కడ మాత్రం తిరిగిందా?

వెనక వరస అమ్మాయిలూ, మీ నాన్నమ్మ పేరు పూర్తిగా తెలిసినవాళ్లు చేతులెత్తండి. ముగ్గురేనా? ఇంటికెళ్లి అడగండమ్మా, ఇవాళే.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. అమ్మవారి ఉత్సవం, పంచమి తీర్థానికి తిరుచానూరు వెళ్తున్నాను. రైలు టికెట్టు అలివేణి పేరుమీదే వచ్చింది.